చింతపండుతో తోమిన టెలిస్కోపు

మద్రాసు వాషర్‌మెన్‌పేటలో కుట్టు టీచరుకి రైఫిల్ ఎందుకని అడగని మనిషి లేడు. కూరగాయల బండివాడు అడిగాడు, స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ అడిగింది, లైసెన్సు ఆఫీసులో ప్రతి బల్ల వెనకా కూర్చున్నవాడూ అడిగాడు. భువనేశ్వరి మనిషికో జవాబు చెప్పింది. బండివాడికి కాకుల కోసమంది. హెడ్‌మిస్ట్రెస్‌కి మా నాన్న ఇచ్చాడండీ అంది. ఆఫీసులో ఒకాయన మాత్రం, "మీ ఆయన పేరు మీద పెట్టుకోవచ్చు గదమ్మా, నీకెందుకీ తలనొప్పి?" అన్నాడు. "మా ఆయనకి కాల్చడం రాదు సార్, నాకొచ్చు" అంది. ఆ మాటకి ఫైలు చాలాకాలం కదల్లేదు. ఆమె కూడా అక్కణ్ణించి కదల్లేదు, వారం వారం పోయి అదే బెంచీ మీద కూర్చుంది. చివరికి ఆమె ముఖం చూడలేక సంతకం పెట్టారు.

ఊత్తుకోట పక్క పల్లెలో ఆమె తండ్రి మునిస్వామి నాయుడికి వేరుశెనగ చేలుండేవి. పందుల బెడదకి ఆయన పాయింట్ టూ టూ రైఫిల్ ఒకటి సంపాదించాడు. దానిమీద ఏ దొరో వదిలిపోయిన ఇత్తడి టెలిస్కోపు బిగించాడు. ఆ బుల్లి గుండుకి పందులు చచ్చేవి కావు గానీ చప్పుడికి పారిపోయేవి. ఆయనకి అదే చాలు. కొడుకు అరుముగానికి నేర్పబోతే, మీట నొక్కకముందే వాడి కళ్ళు మూసుకుపోయేవి. కూతురు కళ్ళు మూయలేదు. వారసత్వం ఆ రోజే తేలిపోయింది. ఆయన పోయేముందు అందరూ వినేట్టు "తుపాకి భువనకి" అన్నాడు. ఆడపిల్లకి నగ ఇస్తారు గానీ ఇదేం చోద్యమని అరుముగం ఊరంతా తిరిగి ఏడ్చాడు. ఏడవనీ, కళ్ళు మూసుకునేవాడికి తుపాకి ఇచ్చి ఎవరి ప్రాణం తీస్తారు?

భర్త యువరాజ్‌కి తిరువొత్తియూరులో ఇనుము చెక్కే లేతు షెడ్డు ఉంది. నోట్లో నాలుక లేని మనిషి. భార్య ఆదివారం పూట రైఫిల్ సంచి భుజాన వేసుకుని బయల్దేరితే, ఆటో పిలుచుకొచ్చి పెట్టేవాడు. ఇబ్బందంతా అత్తగారు పంకజంతోనే. రైఫిల్ ఉన్న ఇనప బీరువా పక్కనుంచి నడిచేటప్పుడు పంకజం కొంగు దగ్గరికి లాక్కునేది. "లక్ష్మి ఉండే బీరువాలో ఆ ఇనప ముక్క ఏందే, నాకు చూస్తేనే దడగా ఉండాది" అనేది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే పాట.

మాధవరం దాటి పోతే, ఇటుక బట్టీల కోసం తవ్వి వదిలేసిన పెద్ద గుంట ఒకటుంది. దాని మట్టి కట్టనే గుళ్ళు ఆపే గోడగా చేసుకుని ఒక రైఫిల్ క్లబ్బు నడిచేది. సభ్యులంతా మగవాళ్ళు, ఈమె ఒక్కతే ఆడది. సెక్రటరీ కృష్ణన్ రిటైరైన ఇంజనీరు, మహా మర్యాదస్తుడు. ఆయన మర్యాదే భువనేశ్వరికి ఒంటికి పడేది కాదు. రాగానే కుర్చీ వేయించేవాడు, టీ తెప్పించేవాడు, తీరా కాల్చే వేళకి, "తొందరేముందమ్మా, లేడీస్ చివర్లో కాల్చొచ్చు" అనేవాడు. చివరికి వచ్చేసరికి వెలుతురు పోయేది, లేకపోతే తూటాలు అయిపోయేవి. ఏటా రాష్ట్ర పోటీకి క్లబ్బు నుంచి నలుగురు వెళ్ళాలి. మూడు స్థానాలు ఎప్పుడూ పాతవాళ్ళవే. నాలుగోదానికి ఈమె పేరు మూడేళ్ళుగా చివరిదాకా వచ్చి జారిపోతూనే ఉంది. ఒకసారి వాన అన్నారు, ఒకసారి తూటాల కోటా అన్నారు, ఒకసారి సిగ్గు లేకుండా "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. తొంభై ఏడులో ఆమె ఒట్టు పెట్టుకుంది. ఈసారి ఆ నాలుగో చోటు తీసుకుంటే సరి, లేకపోతే క్లబ్బులో మళ్ళీ అడుగు పెట్టేది లేదు.

ఆ ఏడే ఇంట్లో గాలి మళ్ళింది. రేషన్ షాపు వరసలో ఎదురింటావిడ పంకజాన్ని పట్టుకుని, "మీ కోడలు తుపాకి మోసుకుని మగోళ్ళతో తిరగతా ఉండాదంటనే" అని రాగం తీసింది. పంకజానికి కోడలి మీద ఎన్ని ఉన్నా, వాటిని తనే అనాలి గానీ వరసలో నిలబడినవాళ్ళు అనకూడదు. "ఔను, తిరగతా ఉండాది. మీ ఇంట్లో ఎలక తోక చూస్తే మంచం ఎక్కతారంట గదా, ఒకరోజు పంపిస్తాలే" అంది. చక్కెర తీసుకుని ఇంటికొచ్చింది. కోడలితో ఆ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. కోడలికి చెప్పిందంతా రేషన్ షాపువాడే.

ఆయుధ పూజ వచ్చింది. యువరాజ్ లేతు పనిముట్లు, కత్తిపీట, కుట్టు మిషను, కత్తెరలు, అన్నీ కడిగి గంధం కుంకుమ పెట్టడం ఆ ఇంట్లో ఆనవాయితీ. భువనేశ్వరి స్కూల్లో పూజ ముగించుకుని బొరుగుల పొట్లంతో ఇంటికొచ్చేసరికి, పీట మీద కత్తిపీటకీ మిషనుకీ మధ్య ఆమె రైఫిల్ ఉంది. కర్ర పిడికి మూడు గంధం పట్టెలు, గొట్టానికి మల్లెపూల దండ, ఇత్తడి టెలిస్కోపు మాత్రం బంగారంలా మెరిసిపోతోంది. దీపారాధన కుందుల పక్కన పెడితే ఏది ఏదో తెలియదు. పంకజం తలెత్తకుండా, "నిలబడి చూస్తా ఉండావేందే, హారతి తీసుకో" అంది. భువనేశ్వరి హారతి కళ్ళకద్దుకుంది. ఏళ్ళ తరబడి కొంగు లాక్కున్న మనిషి తన రైఫిల్‌కి పూలు పెట్టింది. ఆ సంతోషంలో ఆమె ఇంకేదీ చూడలేదు. చూసి ఉండాల్సింది.

స్కూల్లో పరీక్షలు, ఆ వెంటనే దీపావళికి పిల్లల గౌన్ల కుట్టుపని, తర్వాత ముసురు. తూటాలు చేతికి రాక మధ్యలో ఒక్క గుండు కూడా కాల్చలేదు. ఎంపిక జరిగే ఆదివారం పంకజం తెల్లారే లేచి పెరుగన్నం కలిపి క్యారియర్‌లో పెట్టి, నేనూ వస్తానంది. "పూజ చేసినదాన్ని నేనే గదా, అదేం చేస్తాదో చూడొద్దా?" అంది. ఆటోలో రైఫిల్ సంచికి ఒక కొన ఆమే పట్టుకుని కూర్చుంది.

క్లబ్బు పద్ధతి ఇది. పోటీకి ముందు ఎవరి రైఫిల్ వాళ్ళు పరీక్ష చేసి చూపించాలి. ఇసక మూట మీద గొట్టం ఆనించి, యాభై మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద నల్ల చుక్కకి గురిపెట్టి, ఒకే చోట పట్టి ఐదు గుళ్ళు కాల్చాలి. ఐదు రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ళ కిందికి వస్తే రైఫిల్ నిఖార్సైనట్టు. ఆ గుంపు చుక్కలో పడకుండా పక్కన పడితే, టెలిస్కోపు మీద రెండు మరలుంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఒకటి అటూ ఇటూ. వాటిని కొంచెం కొంచెం తిప్పి గురిని చుక్క మీదికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత పది గుళ్ళు లెక్కకి, గుండుకి పది చొప్పున వంద మార్కులు. నాలుగో చోటు కోసం మిగిలింది ఇద్దరే. బ్యాంకు ఉద్యోగి జెబకుమార్, భువనేశ్వరి. జెబకుమార్ కొత్త టెలిస్కోపుతో అప్పటికే కాల్చేసి తొంభై ఒకటి కొట్టి కూర్చున్నాడు. ఈమె వంతు మామూలుగానే చివర్లో వచ్చింది.

ఆమె బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి, ఐదు గుళ్ళు కాల్చింది. దుర్భిణిలో చూస్తున్న కృష్ణన్, "అమ్మా, చుక్కలో ఒక్కటీ లేదు" అన్నాడు. వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. కాగితం తెప్పించి చూస్తే ఐదు రంధ్రాలూ కింద కుడిమూలలో, తెల్ల భాగంలో ఉన్నాయి. నవ్వేవాళ్ళు నవ్వుతుండగానే భువనేశ్వరి జాకెట్టులోని చిల్లర పర్సు తీసి, రూపాయి బిళ్ళ వాటి మీద పెట్టింది. ఐదూ బిళ్ళ కింద దాక్కున్నాయి.

"నా చెయ్యి వణకలేదు సార్. రైఫిలూ సరిగ్గానే ఉంది. గురి ఒక్కటే జరిగింది" అంది.

"అయితే మర తిప్పుకోమ్మా" అన్నాడు కృష్ణన్.

ఆమె బిళ్ళ అంచు మర గాడిలో పెట్టి తిప్పింది. కదల్లేదు. రెండోదీ కదల్లేదు. దగ్గరగా చూస్తే గాడి లోపల పచ్చగా చిలుము, దాని అడుగున ఉక్కు మర తుప్పు. కృష్ణన్ కటింగ్ ప్లేయరు తెప్పించాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. బలవంతం చేస్తే లోపలి అద్దం పగులుతుంది, అది మళ్ళీ దొరికే వస్తువు కాదు.

"ఎవరో దీన్ని గెలికారమ్మా. తిప్పి, తడిపి, నాశనం చేశారు. ఇంట్లో పిల్లలున్నారా?" అన్నాడు కృష్ణన్.

ఆ క్షణంలో భువనేశ్వరికి అంతా అర్థమైంది. కుందుల్లా మెరిసిన ఇత్తడి కళ్ళముందు కనబడింది. ఇంత కష్టపడి తెచ్చుకున్నది ఇలా పోతోందని అత్తగారి మీద ఒళ్ళు మండింది, నిజంగానే మండింది. అయినా ఇంతమంది మగవాళ్ళ ముందు ఆమె పేరు చెప్పడానికి నోరు రాలేదు. "ఏమో సార్, ముసురుకి పట్టుంటుంది" అని అబద్ధమాడబోయింది.

ఈలోగా క్లబ్బు షెడ్డు మూలన క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పంకజం లేచి నిలబడింది.

"పిల్లలెవరూ లేరు. నేనే తోమినాను" అంది. "ఆయుధ పూజకి. చింతపండు ఏసి, ఉప్పేసి తోమినాను. ఆ బుడిపెలు రెండూ మురికి పట్టుంటే తిప్పి తిప్పి తోమినాను. నీళ్ళతో కడిగినాను. ఏం, తప్పా? మా ఇంట్లో ఇత్తడి అట్టానే తోమతాం."

షెడ్డంతా గొల్లుమంది. ఒకడు ముసలామెని చూసి, "రసం పెట్టలేదా పాటీ?" అన్నాడు. జెబకుమార్ కూడా నవ్వాడు. కృష్ణన్ నవ్వలేదు గానీ, మూతి బిగించి నవ్వాపుకోవడం అందరికీ కనబడుతూనే ఉంది. పంకజం ముఖం చిన్నబోయింది. మరలు తిప్పితే గురి పోతుందని ఆమెకెవరు చెప్పారు? కోడలు కూడా చెప్పలేదే. "నీ చోటు పాడు చేసేసినానా ఏమే?" అంది మెల్లగా.

అత్తగారి మీద మండిన ఒళ్ళు అప్పుడు చల్లబడలేదు, దిక్కు మార్చుకుంది. ఇంటికి పోయాక అత్తతో తాను పోట్లాడుకుంటుంది, అది తమ ఇంటి సంగతి. వీళ్ళెవరు నవ్వడానికి?

కృష్ణన్ గొంతు సవరించుకున్నాడు. "పోనీలేమ్మా, ఏం చేస్తాం. కావాలంటే క్లబ్బు రైఫిల్ ఇస్తాను, సరదాకి కాల్చు. ఎంపిక సంగతి వచ్చే ఏడు..."

"క్లబ్బు రైఫిల్ కర్ర మీ చేతుల పొడుగుకి కోసింది సార్, నా భుజానికి కుదరదు. నేను దీంతోనే కాలుస్తా."

"గురి లేని రైఫిల్‌తోనా?"

"గురి లేకపోవడమేంటి? పోయి మూలలో కూర్చుంది, అంతే. ఐదు గుళ్ళు బిళ్ళ కింద పడితే పరీక్ష ప్యాసని మీ రూలు. పడ్డాయి. కాల్చేవాళ్ళు ఎక్కడ చూసి కాల్చాలో రూలుంటే చూపించండి."

రూలు లేదు. కృష్ణన్ ఇంజనీరు, లేని రూలు ఉందని చెప్పలేడు. చేత్తో కానిమ్మని సైగ చేశాడు. ముచ్చట తీరనీ అన్నట్టుంది ఆ సైగ.

భువనేశ్వరి చేసిన ఆలోచన తేలికే. చుక్కకి గురిపెడితే గుండు కింద కుడిమూలకి పోతోంది. అలాంటప్పుడు అంతే దూరం పైకి, ఎడమకి గురిపెడితే గుండు చుక్కలోకి రావాలి. కొత్తగా పెట్టించిన కాగితం పై ఎడమమూలలో వరస నంబరు చీటీ అంటించి ఉంది, మూడు అంకె. ఆమె ఆ మూడు అంకె నడుం మీద గురిపెట్టి కాల్చింది. దుర్భిణి దగ్గర కూర్చున్నది ఇప్పుడు జెబకుమార్. "తొమ్మిది" అన్నాడు, తన నోటినుంచి వచ్చిన మాట తనే నమ్మనట్టు. రెండోది తొమ్మిది. మూడోది పది. బెంచీ మీద నవ్వులు పలచబడ్డాయి. కళ్ళెదురుగా ఇంత చుక్క ఉండగా ఈ ఆడది అటు చూడకుండా, మూల చీటీని చూస్తూ చుక్కని చిల్లులు పొడుస్తోంది. పంకజం మాత్రం బెంచీ ఎక్కి నిలబడి, ఎవడో కూర్చోమంటే కూర్చోలేదు.

ఏడో గుండు దాటాక మబ్బు పట్టి జల్లు మొదలైంది. ఎనిమిదో గుండుకి పది వచ్చింది. తొమ్మిదోదానికి ఆమె కన్ను టెలిస్కోపుకి ఆనించేసరికి చీటీ లేదు. మైదాపిండి జిగురు తడికి వదిలేసి, చీటీ జారి మట్టిలో పడింది. తెల్ల కాగితం, నల్ల చుక్క తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

"సార్, నంబరు పడిపోయింది. అంటించి రమ్మనండి."

"కాల్పులు ముగిసేదాకా ఎవరూ ముందుకి పోకూడదమ్మా. ఇది మాత్రం రూలే" అన్నాడు కృష్ణన్. అబద్ధం కాదు, ప్రాణాల కోసం పెట్టుకున్న రూలు అది. ఇంకా రెండు గుళ్ళు మిగిలాయి. జెబకుమార్‌ని దాటాలంటే రెండూ చుక్కలో పడాలి, ఒక్కటి బయటికి పోయినా అయిపోయినట్టే.

భువనేశ్వరి కన్ను తీయలేదు. ఇంతసేపూ ఆమె చూసింది చీటీనే అయినా, నల్ల చుక్క కూడా టెలిస్కోపు లోపల కింద కుడివైపు ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంది కదా. ఎక్కడ? గౌనుకి రెండో జేబు కుట్టేటప్పుడు మొదటి జేబు ఎక్కడుందో కొలవకుండానే ఆమె చేతికి తెలుస్తుంది. అదే మాదిరి, చుక్క ఎక్కడ కూర్చుంటే మనసుకి వెలితి లేకుండా ఉందో అక్కడిదాకా రైఫిల్‌ని జరిపింది. గురి ఇప్పుడు ఉత్త తెల్ల కాగితం మీద ఉంది. భయం వేసింది. మూడేళ్ళ కోపం కూడా వేసింది. కోపమే పెద్దది. మీట నొక్కింది.

జెబకుమార్ దుర్భిణికి కన్ను ఆనించుకునే ఉన్నాడు. ఆమె అడగలేదు. అడిగితే చెయ్యి కదులుతుంది. తూటా మార్చి, చుక్కని మళ్ళీ అదే చోట కూర్చోబెట్టి, పదోది కూడా కాల్చేసింది.

"తొమ్మిది," అన్నాడు జెబకుమార్. "ఆఖరిది పది." మళ్ళీ కూడి చూసుకుని, "మేడం తొంభై నాలుగు సార్. నాకంటే మూడు ఎక్కువ" అని తనే పైకి లెక్క చెప్పాడు. నవ్వినవాడే అయినా, లెక్క దగ్గర పెద్దమనిషి.

కృష్ణన్ కాగితం తెప్పించి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తన కళ్ళజోడు కూడా తుడుచుకున్నాడు. "భేష్" అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత వెంటనే అలవాటైన మర్యాద గొంతులోకి వచ్చేసింది. "నాలుగో చోటు నీదేనమ్మా. అయితే ఒక్క మాట. అక్కడ పెద్ద పెద్దవాళ్ళు వస్తారు. ఈ చిలుము పట్టిన దాన్ని చూస్తే క్లబ్బు పరువు పోతుంది. పోటీకి మాత్రం క్లబ్బు రైఫిల్ తీసుకుపో."

ఆయనతో ఆమె ఎప్పుడూ తమిళంలోనే మాట్లాడేది. ఇప్పుడు తెలుగు వచ్చేసింది. నార్త్ మద్రాసులో పుట్టి పెరిగినవాడు, ఆయనకి అర్థం కాకపోదు.

"మూడేళ్ళుగా నన్ను కూర్చోబెట్టినప్పుడు పోలేదా సార్ పరువు? మా అత్త చింతపండుకే పోతాదా? మర నేను ఊడదీయించుకుంటా, చిలుము నేను కడుక్కుంటా. ఆ చోటు నాది, ఈ రైఫిల్ నాది. క్లబ్బు రైఫిలే అంత గొప్పదైతే దాన్నే పంపించండి, అదే పోయి కాల్చుకుని వస్తాది."

షెడ్డులో మళ్ళీ నవ్వులు లేచాయి. ఈసారి ఎవరి మీద నవ్వుతున్నారో కృష్ణన్‌కి తెలిసింది. ఆయన పెన్ను తీసి, జట్టు కాగితంలో నాలుగో పేరు రాశాడు. రైఫిల్ ఎవరిదన్న చోట పెన్ను ఒక్క క్షణం ఆగింది. పంకజం ఎప్పుడు బెంచీ దిగి వచ్చిందో, కోడలి పక్కన నిలబడి ఆ కాగితంలోకే చూస్తోంది. ఆమెకి చదువు రాదు.

"ఏం రాస్తా ఉండాడే?" అంది.

"సొంతం అని, అత్తా" అంది భువనేశ్వరి, కృష్ణన్ ఇంకా రాయకముందే. ఆయన తలవంచుకుని రాశాడు.